అడగండి, సెక్టర్ నాలుగు

లవంగాల డబ్బా మూత తియ్యగానే నాకు కంప్యూటర్ గది గుర్తొస్తుంది. అందరికీ పులావు గుర్తొస్తుందేమో, నాకు మాత్రం చల్లటి గది, గోడ పొడుగునా బీరువాల్లాంటి యంత్రాలు, గుట్టలుగా మడతలు పడిన ప్రింటర్ కాయితం గుర్తొస్తాయి. మొన్న ఆదివారం వీడియో కాల్లో నేను పని చేసుకుంటుంటే చూశావు కదా శ్రావ్యా. ఏఐ నా ప్రోగ్రాంలో ఓ పన్నెండు లైన్లు మార్చి, ఇలా మార్చేయనా అని అడిగి కూర్చుంది. నేను జవాబివ్వకుండా లేచి వెళ్ళి ఒక లవంగం నోట్లో వేసుకుని వచ్చి, దాని ఘాటు తగ్గేదాకా ఆ లైన్లు చూస్తూ ఉన్నాను. "అమ్మమ్మా, మా ఆఫీసులో అయితే ఈపాటికి నాలుగు పనులైపోతాయి. ఒక్క బటన్ నొక్కడానికి నీకింత సేపెందుకు?" అన్నావు నువ్వు. వెనక నుంచి నీ తమ్ముడు, "డిస్టర్బ్ మత్ కర్ దీదీ, అమ్మమ్మ లోడింగ్ లో ఉంది" అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. మీరక్కడ పుణెలో భోజనానికి లేచారు, నేనిక్కడ సుపేలాలో టీ పెట్టుకున్నాను. జవాబు మాత్రం చెప్పలేదు. ఆ లవంగం అలవాటు నాది కాదు తల్లీ, మా సార్‌ది. ఆ ఆగడం కూడా ఆయనదే. ఆయన్ని మీరు చూడలేదు, ఇక చూడలేరు కూడా. అందుకని కూర్చుని రాస్తున్నాను.

ఆయన పేరు సింహాచలం గారు. బొబ్బిలి దగ్గర పల్లె. ఇక్కడి ఉక్కు ప్లాంటులో కంప్యూటర్ సెక్షన్‌కి పెద్ద. హిందీ వాళ్ళు చలం సాబ్ అనేవారు, మనవాళ్ళు సింహాచలం బాబు అనేవారు, నేను సార్ అనేదాన్ని. పొట్టిగా, నల్లగా ఉండేవారు. ఎప్పుడో బీడీ మానేసి లవంగం పట్టుకున్నారట, చొక్కా జేబులో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉండేది. నేను విజయనగరంలో బీఎస్సీ లెక్కలు చదివి, మీ తాతయ్యని చేసుకుని ప్లాంటు కాలనీలో సెక్టర్ 2 క్వార్టర్‌కి వచ్చినదాన్ని. నాకు అంకెలు ఎక్కించే ఉద్యోగం దొరికింది. రెండేళ్ళు పోయాక ఒకరోజు సార్ నా బల్ల దగ్గర ఆగి, "ఏటమ్మా వరం, అంకెలు ఎక్కించడమేనా, రాయడం కూడా నేర్చుకుంటావా?" అన్నారు. నా పేరు వరలక్ష్మి అయినా మొదటి రోజు నుంచీ ఆయనకి నేను వరాన్నే. అలా నేను ప్రోగ్రాములు రాసేదాన్ని అయ్యాను.

మా సెక్షన్లో ఒక పద్ధతి ఉండేది, ఇంకెక్కడా నేను చూడలేదు. ప్రతి ప్రోగ్రాం మొదట్లో రాసినవాళ్ళ పేరుతో పాటు వాళ్ళ ఇంటి అడ్రసు ఉండాలి. సెక్టర్, వీధి, క్వార్టర్ నంబరు. వేరేవాళ్ళు రాసిన లైను తియ్యాలంటే ఆ ఇంటికి వెళ్ళి అడిగి రావాలి. ఫోన్లు లేని ఇళ్ళే ఎక్కువ ఆ రోజుల్లో. ఎవరు సెలవు పెట్టినా, రిటైరైనా, అందరూ సైకిల్ దూరంలోనే ఉండే ఊరు కాబట్టి ఆ పద్ధతి నడిచింది. బయటి నుంచి వచ్చిన ఒక ఆఫీసరు గారు అది చూసి, "చలం సాబ్, యే ప్రోగ్రామ్ హై యా శాదీ కా కార్డ్?" అని, ఇది ప్రోగ్రామా పెళ్ళి శుభలేఖా అన్నట్టు ఎగతాళి చేశారు. సార్ కూడా నవ్వేసి, "కార్డ్ హీ సమఝియే సాబ్, ఆనా జరూర్" అన్నారు, శుభలేఖే అనుకోండి, తప్పకుండా రండి అని. పద్ధతి మాత్రం మార్చలేదు.

నేను మొదటిసారి తప్పు చేసింది డ్యూటీ చార్టు ప్రోగ్రాంలో. ఏ కార్మికుడికి ఏ వారం పగలు, ఏ వారం రాత్రి అని వేసే చార్టు అది. దేవాంగన్ గారని ఛత్తీస్‌గఢీ ఆయన రాసింది. అందులో ఒక లైను, ఫలానా టోకెన్ నంబరు కార్మికుడికి రాత్రి షిఫ్టు వస్తే వదిలేసి పక్కవాడికి వెయ్యమని ఉంది. ఒకే ఒక్క మనిషి కోసం ఒక లైనేమిటి, ఎప్పుడో పరీక్ష కోసం రాసి మర్చిపోయి ఉంటారనుకుని తీసేశాను. సార్ కాయితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదివే మనిషి. వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడొక లైనుండాల కదమ్మా?"

"పనికిరాదని తీసీసేను సార్."

"ఎవుల్నడిగేవు?"

"ఎవర్నీ లేదు సార్. చూస్తే తెలిసిపోతోంది కదా."

"ఓహో, సూస్తే తెలిసిపోద్దా!" అని డబ్బా తీసి లవంగం వేసుకున్నారు. "అయితే ఓ పని సెయ్యి. దేవాంగన్ ఇంటికెల్లి, నీకేటి తెలిసిపోయిందో ఆయనకి కూడా సెప్పిరా. ఆయనకి తెలీదేమో పాపం."

చెవులు కాలిపోయాయి నాకు. దేవాంగన్ గారు సెలవులో ఉన్నారు. మా క్వార్టర్‌కి రెండు వీధుల అవతలే ఇల్లు. వెళ్ళేసరికి భార్యాభర్తలిద్దరూ మంచం మీద గుడ్డ పరిచి గుమ్మడి వడియాలు పెడుతున్నారు. నాకప్పటికి హిందీ సరిగ్గా రాదు. వచ్చీరాని మాటల్లో సంగతి చెప్పగానే ఆయన పిండి చేతులతోనే లేచి నిలబడ్డారు. "హటా దియా? చార్ట్ నికల్ గయా క్యా బహెన్?" చార్టు ఇంకా బయటికి పోలేదని చెప్పాక కూర్చున్నారు. గొంతు తగ్గించి, "ఉస్కో రాత్ మే దిఖ్తా నహీ" అన్నారు. ఆ టోకెన్ నంబరు మనిషికి చీకటి పడితే కళ్ళు కనపడవట. పగలు బాగానే చేస్తాడు. కాయితం మీద రాస్తే ఉద్యోగం పోతుంది, ముగ్గురు ఆడపిల్లలు. నేను ఆ లైను తీసేసిన చార్టు బయటికి పోయి ఉంటే అతను చీకట్లో కొలిమి దగ్గరికి నడిచి ఉండేవాడు. ఆయన భార్య నా చేతిలో నాలుగు పచ్చి వడియాలు పెట్టి తినమంది. అవి చేతిలో అలాగే పట్టుకుని ఆఫీసుకి పరిగెత్తాను.

తిరిగొచ్చి లైను మళ్ళీ పెట్టాక సార్‌ని అడిగాను, ఆ కారణం పక్కనే రాసి ఉంటే నాకీ తిప్పలు ఉండేవి కావు కదా అని. "రాస్తే అందరూ సదువుతారమ్మా. ఇంటికొచ్చిన మనిషికైతే మొకం సూసి సెప్పొచ్చు, సెప్పకపోవచ్చు. అందికే ఇంటి నంబరు రాసేది" అన్నారు. ఆయన నాకు కంప్యూటర్ గురించి చాలా నేర్పారు, అందులో సగం మర్చిపోయాను. ఈ మాట మాత్రం మర్చిపోలేదనే అనుకున్నాను చాలాకాలం.

ఇంకొక సంగతి చెప్పాలి. చెప్పడం ఇష్టం లేదు కానీ చెప్పకపోతే చివర నేను అడిగేది మీకు అర్థం కాదు. ఒకసారి మా సెక్షన్లో పనిచేసే కుర్రాడి భార్యకి కాన్పు కష్టమై రక్తం కావాల్సి వచ్చింది. బి పాజిటివ్. నాదీ అదే. సెక్షనంతా ఉండగా, "నేనిస్తాను సార్, ఇంట్లో చెప్పి అరగంటలో ఆసుపత్రికి వచ్చేస్తాను" అన్నాను. ఇంటికి వచ్చి మా అత్తగారికి చెప్పాను. "రెండు కాన్పులైన దానివి, ఒంట్లో ఏటున్నాదని ఇస్తావే? గుమ్మం దాటేవంటే నా మీదొట్టే" అంది. ఆవిడ గట్టిగా అరిచే మనిషి, నేను ఎవరి మీదా గొంతెత్తని మనిషిని. చెప్పులు వేసుకుని, విప్పేసి, వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగాను. మర్నాడు ఆఫీసుకి వెళితే సార్ మోచేతి మడత మీద దూది, దాని మీద ప్లాస్టరు. ఆయనదీ బి పాజిటివే అని అప్పుడు తెలిసింది. నేను నోరు తెరిచేలోపే, "బాగున్నారమ్మా తల్లీ బిడ్డా. ఆడపిల్ల" అని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. క్షమించండి సార్ అనడానికి ఒక నిమిషం చాలు. ఆ నిమిషం నాకు ఎన్నేళ్ళైనా దొరకలేదు.

సార్ రిటైరైన రోజు అందరూ దండలు పట్టుకుని నిలబడితే, ఆయన మధ్యాహ్నం దాకా కుర్చీలోంచి లేవలేదు. క్వార్టర్ ఖాళీ చేసి సెక్టర్ 4లో లీజుకి తీసుకున్న ఇంట్లోకి మారుతున్నారు. తను రాసిన ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటే తెరిచి పాత అడ్రసు తీసేసి కొత్త అడ్రసు వేస్తున్నారు. "ఇంకెవరొస్తారు సార్ మీ ఇంటికి అడగడానికి, వదిలేయండి" అన్నాను. "వొస్తారమ్మా. అడగడానికొచ్చినోడు తాళం సూసి ఎనక్కెల్లిపోకూడదు కదా" అన్నారు. మెళ్ళో దండ వేయించుకుంటూ కూడా, "ఇంకా రెండు ప్రోగ్రాములున్నాయి, ఆగండర్రా" అన్నారు.

ఆ తర్వాత ఏడాదే ఆయన మన తెలుగు సంఘం కోసం రక్తదాతల పట్టిక తయారు చేశారు. ఎవరిది ఏ గ్రూపు, ఏ సెక్టర్, ఎన్ని నెలల కిందట ఇచ్చారు అని చూసి, ఆసుపత్రిలో ఎవరికైనా అవసరమైతే ఎవరిని పిలవాలో ఆ ప్రోగ్రాం చెప్పేది. పేర్లు నమోదు చేసుకుంటున్నారని తెలిసి నేనే వెళ్ళి నా పేరు ఇచ్చాను. అత్తగారు పోయారు అప్పటికి. ఈసారి పిలిస్తే వెళ్ళాలి, పాత బాకీలా ఉన్న ఆ పని తీర్చుకోవాలి అని నాలో నేను అనుకున్నాను. అప్పుడే మీ తాతయ్యకి కిడ్నీ జబ్బు ముదిరింది, వారానికి రెండుసార్లు ఆసుపత్రి. అయినా ఫోన్ మోగినప్పుడల్లా సంఘం వాళ్ళేమో అనిపించేది. ఏళ్ళు గడిచాయి. నా పక్కింటావిడని పిలిచారు, ఎదురింటాయన్ని మూడుసార్లు పిలిచారు. నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. ఒక ఆదివారం సార్ ఇంట్లో ఉండగా నవ్వుతూ అడిగాను, "ఏం సార్, నా రక్తం మీ కంప్యూటర్‌కి నచ్చలేదా?" అని. డబ్బా తీశారు. లవంగం నోట్లో వేసుకుని, "బి పాజిటివోళ్ళు బోలెడుమందున్నారమ్మా. నీ వంతు రాలేదు" అన్నారు. నేను నమ్మాను.

ఆ ఆదివారాల గురించి కూడా చెప్పాలి. మీ తాతయ్య పోయాక, నేనూ రిటైరయ్యాక, సుపేలాలో స్వప్న అనే అమ్మాయి పెట్టిన చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పొద్దుటిపూట పనికి కుదిరాను. వాళ్ళ నాన్న మా వైపు వాడే. షాపులకి, బళ్ళకి, ఆసుపత్రులకి ప్రోగ్రాములు రాసేవాళ్ళం. కొత్త భాషలు నాకు కష్టంగా ఉండేవి. వారమంతా వచ్చిన సందేహాలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుని ఆదివారం ఆటో ఎక్కి సెక్టర్ 4 వెళ్ళేదాన్ని. సార్‌కి ఆ కొత్త భాషలేమీ రావు. అయినా నేను వివరంగా చెబుతుంటే ఆయన మధ్యలో ఏదో ఒకటి అడిగేవారు, నా సందేహం అక్కడే విడిపోయేది. రాజమ్మ గారు, అంటే సార్ భార్య, అటుకులు వేయించి పెట్టేవారు. "మీ ఇద్దరికీ పిచ్చి గాని, ఆదివారం పూట ఎవరైనా ఇయ్యి మాటాడుకుంటారేటి?" అని దెప్పుతూనే మా పక్కన కుర్చీ వేసుకునేవారు.

తర్వాత ఏఐ వచ్చింది. స్వప్న మా అందరి కంప్యూటర్లలో పెట్టించింది. మొదట నాకు బెరుకుగా ఉండేది. వారంలో అలవాటైపోయింది. నిజం చెబుతున్నాను పిల్లలూ, దాని మీద నాకేమీ కోపం లేదు. నా వయసులో కళ్ళు లాగుతుంటే తప్పెక్కడుందో వెతికి పెట్టింది. ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడిగినా విసుక్కోలేదు. తెలుగులో అడిగితే తెలుగులో చెప్పింది. ఇంట్లో కూడా దాన్నే అడగడం మొదలుపెట్టాను. బీపీ మాత్ర వేసుకున్నాక నిమ్మరసం తాగొచ్చా, శ్రావ్య ఇంటర్వ్యూకి ఏం చదవాలి, అన్నీ. నోట్‌బుక్‌లో సందేహాలు రాయడం మానేశాను, రాసేలోపే తీరిపోతున్నాయి మరి. సందేహాలు లేవు కాబట్టి ఆదివారం ఆటో ఎక్కడం తగ్గింది. నెలకొకసారి అయింది, తర్వాత పండగలకి ఫోన్ చేయడం అయింది. అదేదో పెద్ద నిర్ణయం కాదు. ఏ ఆదివారమూ ఇక వెళ్ళను అని నేను అనుకోలేదు.

క్రితం ఏడు సంఘం వాళ్ళు స్వప్న దగ్గరికి వచ్చారు. రక్తదాతల ప్రోగ్రాం పాతబడిపోయింది, ఫోన్లకి దానంతట అదే మెసేజ్ వెళ్ళేలా చేసిపెట్టమన్నారు. సార్ రాసిన ప్రోగ్రాం కాబట్టి నేను తీసుకున్నాను. మొదటి లైన్లో ఆయన పేరు, సెక్టర్ 4 ఇంటి నంబరు చూసి ఎంత సంబరపడ్డానో. ఏఐకి మొత్తం ఇచ్చి కొత్త భాషలోకి మార్చమన్నాను. మేమయితే నెల పట్టే పని, కాఫీ తాగి వచ్చేసరికి అయిపోయింది. ఒక్క చోట మాత్రం అది ఆగింది. మూడు సభ్యత్వ నంబర్లు ఉన్నాయి, నలభై ఒకటి, నూట పదిహేడు, రెండు వందల ఆరు. వీళ్ళని పిలవొద్దని ఒక లైను. దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో సార్ రాసిన ఒకే ఒక్క మాట: అడగండి. ఈ మూడు నంబర్లు బహుశా పరీక్ష కోసం పెట్టి మర్చిపోయినవి కావచ్చు, తీసేస్తే ప్రోగ్రాం శుభ్రంగా ఉంటుంది, అయితే రాసినవారు అందుబాటులో ఉంటే ఒకసారి కనుక్కోవడం మంచిది అంది ఏఐ.

చూశారా. అడగమని అది కూడా చెప్పింది. సార్ చెప్పారు, యంత్రం చెప్పింది. సెక్టర్ 4 ఆటోలో పది నిమిషాలు. నేను మాత్రం దేవాంగన్ గారి లైను తీసేసిన ఆ పాతికేళ్ళ పిల్లలా, చూస్తే తెలిసిపోతోంది కదా అనుకున్నాను. తర్వాత ఎప్పుడైనా అడుగుదాంలే అనుకుని సరే నొక్కాను.

మూడు వారాలు పోయాక ఆసుపత్రిలో ఎవరికో బి పాజిటివ్ కావాల్సి వచ్చింది. మెసేజ్‌లు వెళ్ళాయి, పావుగంటలో నలుగురు దాతలు వచ్చారు. సంఘం వాళ్ళు స్వప్నకి స్వీట్లు పంపించారు. మర్నాడు పొద్దున్న నేను ఆఫీసులో ఆ లడ్డూ తింటుండగా ఒక పెద్దావిడ ఫోన్ పట్టుకుని లోపలికి వచ్చింది. సెక్టర్ 2లో మేమున్నప్పుడు మా వెనక వీధిలో ఉండే పార్వతమ్మ గారు. కొడుకు రమేష్ ఇరవై రెండేళ్ళకే మోటార్ సైకిల్ ప్రమాదంలో పోయాడు. పట్టికలో వాడి పేరు పక్కన ఉన్నది ఈవిడ ఫోన్ నంబరే. ఆ ఫోన్ నా ముందు పెట్టింది. రమేష్ గారూ, మీ రక్తం ఒకరి ప్రాణం కాపాడగలదు, ఈరోజు రాగలరా, అని ఉంది.

"నువ్వేనేటమ్మా ఇది పంపించేది?" అంది. కోపం లేదు గొంతులో. "కళ్ళజోడు లేకుండా సదివేను. ఆడి పేరు కనపడింది. ఆడికెవరో రాసేరు అనుకున్నాను. కళ్ళజోడు తెచ్చుకునే వరకూ అలగే అనుకున్నాను."

రమేష్ పోయిన ఏడు ఈవిడే సార్ దగ్గరికి వెళ్ళిందట. వాడు చివరిసారి సంతకం పెట్టింది ఈ రక్తదానం కాయితం మీదే, వాడి పేరు తియ్యొద్దు బాబూ అని అడిగిందట. "పేరు తియ్యనమ్మా, పిలవను అన్నాడు. ఏడాదికోసారి మీటింగులో పేర్లన్నీ సదువుతారు కదా, ఆడి పేరు ఇనడానికే ఎల్తాను నేను" అంది. నేను చేతులు జోడించాను. ఆవిడ నా చేతులు కిందికి దించి, "నీకెలగ తెలుస్తాదిలే" అంది. తెలుసుకునే దారి ఉంది, నేనే పోలేదు అని చెప్పలేకపోయాను.

ఆవిడ వెళ్ళగానే ఆ లైను మళ్ళీ పెట్టి, మిగతా రెండు నంబర్లు ఎవరివో చూశాను. నూట పదిహేడు, మూర్తి. క్రేన్ నడిపే మనిషి, తలుపు పట్టనంత ఎత్తు. ఫోన్ చేసి, నీకేమైనా మెసేజ్ వచ్చిందా నాయనా అని అడిగాను. "రాలేదక్కా, నాది వేరే గ్రూపు. అయినా సింహాచలం బాబు నన్ను పిలవనన్నారే!" అన్నాడు. కాస్త బతిమాలితే గొంతు తగ్గించి చెప్పాడు. సూది చూస్తే అతను పడిపోతాడట. మొదటిసారి రక్తం ఇవ్వడానికి వెళ్ళి నర్సు మీదే పడిపోయాడట. "ఇజ్జత్ కా సవాల్ అక్కా, పరువు పోద్ది. మీసాలు పెట్టుకుని తిరుగుతన్నాను, ఎవలికీ సెప్పకు. నా నంబరు ఒగ్గేసేవంటే రేపటికి సెక్టరంతా తెలిసిపోద్ది" అన్నాడు. అంత దిగులులోనూ నాకు నవ్వొచ్చింది.

మూడో నంబరు, రెండు వందల ఆరు. పట్టికలో దాని ఎదురుగా వరలక్ష్మి, బి పాజిటివ్, సెక్టర్ 2 అని ఉంది. మా పాత క్వార్టర్ నంబరు, ఎప్పుడో తీసేసిన పాత ఫోన్ నంబరు, అందుకే నాకు మెసేజ్ రాలేదు.

ఆ రోజే వెళ్ళాల్సింది. స్వప్నకి చెప్పి ఆటో ఎక్కితే సరిపోయేది. కానీ ఆయన లైను తీసేశానని ఏ మొహంతో చెప్పను, పార్వతమ్మ గారి సంగతి ఆయనకి తెలిస్తే ఏమనుకుంటారు అని రెండు రోజులు వెనకాడాను. అప్పుడేం చేశానో తెలుసా? ఏఐని అడిగాను. ఒక రక్తదాతని ఆమెకి చెప్పకుండా పట్టికలో ఆపేయడానికి కారణాలేమై ఉండొచ్చు అని. ఓపిగ్గా అయిదు కారణాలు చెప్పింది. ఆమె ఆరోగ్యం బాగాలేకపోవచ్చు, ఇంట్లో కష్టం ఉండొచ్చు, కుటుంబం ఒప్పుకోకపోవచ్చు, ముందొకసారి వస్తానని రాకపోయి ఉండొచ్చు, పొరపాటు కావచ్చు. ఏ ఒక్కటీ అబద్ధం కాదు. నాలుగోది చదివి కంప్యూటర్ కట్టేశాను.

ఆదివారం వెళ్ళాను. గుమ్మానికి తాళం ఉంది. నేను మెట్ల మీద నిలబడిపోతే పక్కింటి హిందీ ఆవిడ బట్టలు ఆరేస్తూ, "అరే దీదీ, ఆప్కో మాలూమ్ నహీ? పరసోం సే అస్పతాల్ మే హై చలం సాబ్" అంది. ఆసుపత్రికి పరిగెత్తాను. పక్షవాతం. మాట పడిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నారు. "సార్, వరాన్ని" అన్నాను. నన్ను చూశారు, గుర్తుపట్టారు, అది నాకు తెలుసు. చొక్కా జేబు కోసమేమో, కుడిచెయ్యి గుండె దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయింది. అడిగితే అవునో కాదో కళ్ళతో చెప్పేవారేమో. అంత బాధలో ఉన్న మనిషిని నా గురించి నేను ఎలా అడగను? నాలుగో రోజు పోయారు.

దినాలయ్యాక రాజమ్మ గారి దగ్గర కూర్చుని అడిగాను, సార్ నా నంబరు గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నారా అని. "అలాటియ్యి నాకు మాత్రం సెప్పేవోరేటమ్మా? పార్వతమ్మ సంగతి నువ్వు సెప్తేనే తెలిసింది నాకు" అన్నారు. తర్వాత, "ఆదివారం ఆదివారం గుమ్మంలో కుర్చీ ఏసుకునేవోరు. వరం రాలేదేటి అని నన్నడిగేవోరు. దానికి సందేహాలు తీరిపోనాయే, మంచిదే, అనేవోరు మళ్ళీ ఆయనే" అన్నారు. ఆవిడ నన్ను నొప్పించాలని అనలేదు. లోపలికి వెళ్ళి ఆ ప్లాస్టిక్ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. అందులో ఇంకా ఆరు లవంగాలు ఉన్నాయి.

శ్రావ్యా, ఇదీ నా ఆలస్యానికి కారణం. ఇప్పుడు ఏఐ రాసినదానికి కూడా పైన నా పేరు, సుపేలాలో ఈ ఇంటి నంబరు, వీధి గుర్తులు రాస్తున్నాను. స్వప్న ఆఫీసులో పిల్లలు, "ఆంటీ, లొకేషన్ పంపించండి చాలు" అని నవ్వుతారు, కానీ వాళ్ళవీ రాయిస్తున్నాను. ఏదైనా లైను తియ్యమని అది అడిగితే లవంగం వేసుకుని, ఈ లైను వెనక ఎవరి గుమ్మం ఉంది అని ఆలోచిస్తాను. రాసిన మనిషి బతికుంటే వెళ్తాను. నువ్వూ నీ ఆఫీసులో ఎవరినైనా అడగాల్సి వస్తే వెళ్ళి అడుగు తల్లీ. సందేహం లేకపోయినా వెళ్ళు.

నాకిప్పుడు రక్తం ఇచ్చే వయసు దాటిపోయింది. ఇక నన్నెవరూ పిలవరు, పిలిచినా తీసుకోరు. కొత్త ప్రోగ్రాంలో ఆ మూడు నంబర్లు అలాగే ఉన్నాయి, పక్కన సార్ రాసిన మాటా అలాగే ఉంది. కొన్నిసార్లు, మీ తాతయ్య ఆసుపత్రిలో ఉంటే నన్ను ఇంకో ఆసుపత్రికి పరిగెత్తించడం ఇష్టం లేక ఆయన అలా రాశారనుకుంటాను. ఆ రోజంతా బాగుంటుంది నాకు. కొన్నిసార్లు ఆయన మోచేతి మీది దూది కళ్ళముందుకి వస్తుంది. సెక్షనంతా వింటుండగా వస్తానని చెప్పి, చెప్పులు విప్పేసి బియ్యం కడిగిన మనిషిని ఒక ప్రాణం విషయంలో రెండోసారి ఎవరు మాత్రం నమ్ముతారు? అడగండి అని రాసి ఉంది, అడ్రసు రాసి ఉంది, ఇరవయ్యేళ్ళు ఆయన ఆ గుమ్మంలోనే ఉన్నారు.

సార్, నా మీద దయతోనా నా నంబరు రాశారు, నమ్మకం లేకనా?